పనీ పాటా లేనిదట!

మన తెలుగులో 'ఊరికే' అన్న మాట చేసినన్ని అన్యాయాలు ఇంకే మాటా చేసి ఉండదు. "మీ ఆవిడ ఏం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏం లేదండీ, ఊరికే ఇంట్లోనే ఉంటుంది" అంటారు మగవారు. వాళ్ళని అనుకుని ఏం లాభం? మనమూ అంతే కదా! "ఉద్యోగమేమీ లేదండీ, ఊరికే ఇంట్లోనే ఉంటున్నాను" అని మన నోటితో మనమే చెప్పుకుంటాం. పొద్దున్నే పాల పాకెట్టు కత్తిరించింది మొదలు రాత్రి పాలు తోడుపెట్టి గ్యాసు కట్టేసేదాకా ఆ 'ఊరికే' ఎన్ని చేతులతో పనిచేస్తుందో ఎవరు లెక్క రాశారు గనక?

లెక్క రాసిన సర్కారువారు కూడా 2011 జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసుకునే ఇల్లాలిని 'పని చేయనివారు' అన్న గడిలోనే వేశారు. 2019లో మళ్ళీ వారే, ఎవరి రోజు ఎలా గడుస్తోందో కనుక్కుందామని ఒక సర్వే చేయించారు. ఇంటిపనులు చేసే ఆడవాళ్ళకి వాటిమీదే రోజుకి సగటున 299 నిమిషాలు పోతున్నాయనీ, ఆ పనుల్లో చెయ్యిపెట్టే మగవారికి 97 నిమిషాలనీ తేలింది. పని చేయనివారు రోజుకి దాదాపు ఐదు గంటలు పనిచేస్తున్నారన్నమాట!

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, ఈ 'ఊరికే' బాధితుల జాబితాలో మనతోపాటు ఇంకొకరు కూడా ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఆవిడ ఎక్కడో లేదు, మన ఒంట్లోనే, కణాల్లోనే కాపురముంటోంది. శాస్త్రజ్ఞులు ఆవిడ వంశానికి పెట్టిన ఇంటిపేరు కాస్త నోరు తిరగనిదే - లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ.

అమ్మా, పేజీ తిప్పేయకండి. నేను చదివింది బి.ఏ., అదీ చరిత్ర, తెలుగు సాహిత్యం. పదో తరగతి సైన్సు పరీక్ష రాసి బయటికొచ్చిన మధ్యాహ్నమే దానికీ నాకూ ఋణం తీరిపోయింది. ఇన్నేళ్ళుగా నవలలు రాస్తూ నా కథానాయికల గుండెలు దడదడలాడించానే గాని, గుండెలో గదులెన్నో ఏనాడూ పట్టించుకోలేదు. అలాంటిదాన్ని నాకే బోధపడిందంటే మీకు బోధపడకపోవడమేమిటి?

ఈ సంగతి నా చెవిన వేసింది మా ఆడపడుచు కూతురు. హైదరాబాదులో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. సెలవులకి మా ఇంటికొచ్చింది. నేను గోంగూర వలుస్తుంటే సాయం చేస్తానని ఎదురుగా కూర్చుని, ఒక కాడ చేత్తో పట్టుకుని దాంతోనే పాఠం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, డి.ఎన్.ఏ. అంటే నీకు తెలుసు కదూ?"

"తెలియకేం! టీవీ సీరియల్లో పిల్లవాడి తండ్రి ఎవరో తేల్చడానికి ఏడాదిపాటు సాగదీసే పరీక్ష."

అది నవ్వాపుకుని, నాకు అర్థమయ్యే భాషలోకి దిగింది. "మీ అమ్మమ్మగారి వంటల నోటుబుక్కు గురించి చెప్తుంటావే, పెట్టెలో పెట్టి తాళం వేసేవారని! డి.ఎన్.ఏ. అలాంటిది. కేంద్రకం అన్న పెట్టె దాటి మామూలుగా బయటికి రాదు. ఆవకాయ పెట్టాలంటే ఆ ఒక్క పేజీ ఒక చీటీ మీదికి ఎక్కించుకుని వంటింట్లోకి పట్టుకెళ్ళాలి. ఆ చీటీయే ఆర్.ఎన్.ఏ. దాన్ని చూసి వండిన వంటకమే ప్రొటీన్. రక్తంలో ప్రాణవాయువును మోసేదీ, తిన్న అన్నం అరిగించేదీ, కండని కదిలించేదీ అన్నీ ప్రొటీన్లే."

"బాగుంది. మరి వంటకాలెన్ని?"

"ప్రొటీన్ చేసే జన్యువులు సుమారు 20 వేలు."

"అబ్బో, చాలా పెద్ద పుస్తకమే!"

"అక్కడే ఉంది తమాషా. పుస్తకంలో అక్షరాలు 300 కోట్లు. ఈ 20 వేల వంటకాలూ కలిపి రాసినా నూటికి రెండు పేజీలు కూడా నిండవు."

"మిగతా తొంభై ఎనిమిది పేజీల్లో ఏముందే?"

"ఆ ప్రశ్నకే యాభై ఏళ్ళుగా కొట్టుకు ఛస్తున్నారు."

1972లో సుసుము ఓనో అన్న పెద్దమనిషి ఈ మిగతా పేజీలకి ఒక పేరు పెట్టాడట. జపాను నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డ శాస్త్రజ్ఞుడాయన. పెట్టిన పేరేమిటంటే 'చెత్త'. ఆయనకి ఆయన కారణాలున్నాయి లెండి. యుగాల తరబడి పాడైపోయిన పాత జన్యువుల శిథిలాలు అందులో బోలెడున్నాయి. కానీ ఆయన ఏ అర్థంతో అన్నా, ఒకసారి చెత్త అన్న ముద్ర పడ్డాక అటువైపు తొంగిచూసేవాళ్ళు తగ్గుతారు కదా! అటక మీద పడేసిన ట్రంకుపెట్టెని ఏ సంక్రాంతికో దులపడం తప్ప తెరిచి చూసేదెవరు?

2001లో మనిషి డి.ఎన్.ఏ. మొత్తం ముసాయిదా ప్రకటించారు. ఆ తరవాతి సంవత్సరాల్లో వింత బయటపడింది. చెత్త అనుకున్న పేజీల్లోంచి కూడా కణం చీటీలు రాసుకుంటోంది. ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు. వాటిలో చాలామటుకు వంటింటి గుమ్మం తొక్కనే తొక్కవు, ప్రొటీనూ వండవు. అలాంటి చీటీల్లో 200 అక్షరాలు దాటిన పొడుగాటివే ఈ లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ.లు. వీటి జన్యువుల సంఖ్య ప్రొటీన్ జన్యువుల సంఖ్యకేమీ తీసిపోదట.

"వండకపోతే ఏం చేస్తాయి మరి? ఊరికే ఉంటాయా?" అన్నాను. అనేసి నాలిక కరుచుకున్నాను.

పెళ్ళింటిని తలుచుకోండి. వంటాయన పేరు అందరూ చెప్పుకుంటారు, పులిహోర అదిరిందంటారు. అదే ఇంట్లో అరుగు మీద ఒక పెద్దత్తయ్య కూర్చుని ఉంటుంది. గరిటె పట్టదు, పొయ్యి దగ్గరికి రాదు. కానీ వచ్చినవాళ్ళకి విడిది ఎటో చూపిస్తుంది. ఒకరికొకరు తెలియని నలుగుర్ని ఒకచోట చేర్చి ఒక పని అప్పగిస్తుంది. గొడవపెట్టుకునే రకం మనిషి కనిపిస్తే, "ఇలా రా నాయనా" అని తన పక్కన కూర్చోబెట్టుకుని పందిట్లోకి పోకుండా ఆపుతుంది. ఆ పూట ఆవిడకి జ్వరమొచ్చి పడుకుందనుకోండి, పెళ్ళి ఎంత సొంపుగా జరుగుతుందో ఊహించుకోవచ్చు! ఈ ఆర్.ఎన్.ఏ.లలో కొన్ని చేసేది అచ్చంగా ఈ మూడు పనులే. ప్రొటీన్లకి దారి చూపడం, నాలుగింటిని ఒకచోట పట్టి ఉంచడం, కొన్నింటిని తనకి తగిలించుకుని వేరేచోటికి పోనీయకుండా చెయ్యడం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పెళ్ళింట్లో అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళూ పెద్దత్తయ్యలు కారు. ఫలహారం కోసం కూర్చున్నవాళ్ళూ ఉంటారు. 2012లో ఒక పెద్ద పరిశోధక బృందం, మన డి.ఎన్.ఏ.లో నూటికి 80 పాళ్ళకి ఏదో ఒక పని ఉందని ప్రకటించేసరికి తోటి శాస్త్రజ్ఞులే విరుచుకుపడ్డారు. 'చీటీ రాసినంత మాత్రాన దాంతో పనున్నట్టేనా?' అని వాళ్ళ వాదన. ఆ ఏడాదే ఇంకో సంగతి జరిగింది. మాలట్-1 అన్న ఆర్.ఎన్.ఏ. ఒకటుంది. కణాల్లో కుప్పలుతెప్పలుగా ఉంటుంది. ఇంత ఉందంటే ఎంత ముఖ్యమైనదోనని, దాన్ని పూర్తిగా తీసేసిన ఎలుకల్ని తయారుచేసి చూశారు. ఆ ఎలుకలు నిక్షేపంగా తిని తిరిగాయి! అంచేత చెత్త అని కొట్టిపారేయడమూ తప్పే, అంతా బంగారమేనని నెత్తిన పెట్టుకోవడమూ తప్పే. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, 'అమ్మా, నువ్వు చేసే పనేమిటి?' అని ఓపిగ్గా అడగాల్సిందే.

అలా అడిగితే జవాబు చెప్పిన వాటిలో మనకి ప్రత్యేకంగా చుట్టమయ్యేది ఒకటుంది. దాని పేరు ఎక్సిస్ట్. ఇంగ్లీషులో 'ఉండటం' అన్న మాట పలికినట్టే పలుకుతారు. పేరుకి తగ్గట్టు, ఊరికే ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆడపిల్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగపిల్లవాడికి ఒక ఎక్స్, ఒక వై. ఇది మనకందరికీ తెలిసిందే. మనవడు పుట్టలేదని కోడలిని ఆడిపోసుకునే అత్తగార్లకి బదులు చెప్పడానికైనా నేర్చుకోక తప్పని పాఠం! వై చిన్నది, అందులో జన్యువులు కొద్ది. ఎక్స్ పెద్దది, ప్రొటీన్ చేసే జన్యువులే 800 పైచిలుకు. మరి మన కణాల్లో రెండు ఎక్స్‌లూ సమానంగా పనిచేశాయనుకోండి, ఆ సరుకంతా మగవాళ్ళ కన్నా రెట్టింపు తయారవుతుంది. కూరలో ఉప్పు రెట్టింపు పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

అందుకని ఆడకణం ఒక ఏర్పాటు చేసుకుంది. రెండు ఎక్స్‌లలో ఒకదాని నోరు మూయించేస్తుంది.

దీని తీగ మొదట దొరికింది పిల్లుల దగ్గర. 1949లో కెనడాలో ముర్రే బార్, ఆయన శిష్యుడు బెర్ట్రమ్ పిల్లుల నరాల కణాల్ని సూక్ష్మదర్శినిలో చూస్తుంటే, ఆడపిల్లుల కణాల్లో మాత్రం ఒక చిన్న నల్లటి చుక్క కనిపించింది. దిష్టిచుక్క అనుకోండి! పదేళ్ళ తరవాత, 1959లో, ఆ చుక్క ముడుచుకుపోయిన ఎక్స్ క్రోమోజోమేనని ఎలుక కణాల్లో చూపించినది ఎవరనుకున్నారు? మన చెత్త ఓనోగారే!

1961లో మేరీ లియాన్ అన్న ఇంగ్లీషావిడ అసలు విషయం పట్టుకుంది. ఈవిడ 1946లో కేంబ్రిడ్జిలో చదువు ముగిస్తే, చేతికిచ్చింది పేరుకి మాత్రమే డిగ్రీ. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమంగా డిగ్రీలివ్వడం మొదలుపెట్టింది 1948లో! అయినా ఆవిడ ఎలుకల్ని పెంచుకుంటూ, వాటి బొచ్చు రంగులు రాసుకుంటూ కూర్చుంది. కొన్ని ఆడ ఎలుకల ఒళ్ళు మాత్రమే మచ్చలు మచ్చలుగా ఎందుకుంటోందని ఆలోచించి, ఒక చిన్న వ్యాసం రాసింది. పిండంగా ఉన్న తొలిరోజుల్లోనే ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూయాలన్నది చీట్లు వేసినట్టు జరుగుతుంది. ఒక కణంలో అమ్మ ఇచ్చిన ఎక్స్, పక్క కణంలో నాన్న ఇచ్చిన ఎక్స్. ఆ కణం పిల్లలూ, మనవలూ కూడా అదే ఆనవాయితీ పాటిస్తాయి. ఇదీ ఆవిడ చెప్పింది.

అంటే ఆడదాని ఒళ్ళు ఒకే గుడ్డ కాదు, రెండు రకాల ముక్కలు కలిపి కుట్టిన బొంత! నలుపూ నారింజా మచ్చలున్న పిల్లి దాదాపుగా ఎప్పుడూ ఆడదే అవడానికి కారణమిదే. 2001 డిసెంబరులో అమెరికాలో, టెక్సస్‌లో, రెయిన్‌బో అన్న మూడు రంగుల పిల్లి కణం ఒకటి తీసుకుని అచ్చంగా దానిలాంటి పిల్లినే పుట్టించబోయారు. పుట్టిన కూనకి సీసీ అని పేరు పెట్టారు. డి.ఎన్.ఏ. అంతా తల్లిదే, కానీ ఒంటిమీద ఒక్క నారింజ మచ్చ లేదు! తీసుకున్న ఆ ఒక్క కణంలో నారింజ రంగు తాలూకు ఎక్స్ నోరు ముందే మూసి ఉంది మరి.

ఇంతకీ నోరు మూయించేది ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు 1991లో స్టాన్‌ఫర్డ్‌లో దొరకడం మొదలైంది. హంట్ విలార్డ్ ప్రయోగశాలలో కరొలిన్ బ్రౌన్ అన్న యువతి, నోరు మూసుకున్న ఎక్స్ మీద ఒక్క జన్యువు మాత్రం గట్టిగా పనిచేస్తోందని కనిపెట్టింది. నోరున్న ఎక్స్‌లో ఆ జన్యువు మౌనం. నోరు లేని ఎక్స్‌లో ఆ ఒక్కటే మాట్లాడుతోంది. చూస్తే అది రాసే చీటీ పొడవు 17 వేల అక్షరాలు పైనే. అంతా వెతికినా అందులో వంటకం లేదు. అది పెట్టె దాటి బయటికి వెళ్ళనే వెళ్ళదు. తను పుట్టిన క్రోమోజోమునే పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా దుప్పటిలా కప్పేస్తుంది. తరవాత కొన్ని ప్రొటీన్లని తన దగ్గరికి రప్పించుకుంటుంది. అవి వచ్చి జన్యువుల దీపాలు ఒక్కొక్కటే ఆర్పేస్తాయి. క్రోమోజోము ముడుచుకుని నల్లచుక్కవుతుంది. 1996లో ఎలుకల కణాల్లో ఈ జన్యువుని తీసేసి చూస్తే, ఆ ఎక్స్ నోరు మూతపడలేదు. ఊరికే ఉందనుకున్నది లేకపోతే ఇల్లే నడవదని తేలిపోయింది.

ఇక్కడ నాలో ఉన్న నవలా రచయిత్రి లేచి కూర్చుంది. "అయ్యో! ఇంట్లో గొడవలెందుకని తన నోరు తనే మూసుకున్న పెద్దకోడలు కదే ఇది! నలభై వారాల సీరియల్ రాసెయ్యొచ్చు" అన్నాను.

"అత్తయ్యా, దానికి త్యాగమూ తెలీదు, కన్నీళ్ళూ తెలీదు" అంది మా మేధావి. "పైగా ఆ మూసుకున్న ఎక్స్‌లో కూడా కొన్ని జన్యువులు తప్పించుకుని మాట్లాడుతూనే ఉంటాయి. ఇంకో సంగతి, ఎప్పుడూ ఒక్కరే నోరు మూసుకోరు. ఈ కణంలో ఒకరు, ఆ కణంలో ఇంకొకరు."

వంతులన్నమాట. మన ఉమ్మడి కుటుంబాల కన్నా నయమే!

ఆ వంతుల వల్ల మనకి లాభం కూడా ఉంది. ఒక ఎక్స్‌లో ఏదైనా లోపమున్నా, రెండోదాన్ని వాడుకునే కణాలు ఆదుకుంటాయి. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఎక్కువగా మగపిల్లల్లోనే చూస్తాం, ఇందుకే. వాళ్ళకున్నది ఒక్కటే ఎక్స్, చెడితే ఆదుకునే దిక్కులేదు. 2013లో అమెరికాలో జీన్ లారెన్స్ అన్నావిడ బృందం మరో అడుగు వేసింది. డౌన్ సిండ్రోమ్ పిల్లలకి 21వ నంబరు క్రోమోజోము రెండుకి బదులు మూడుంటాయి కదా. ప్రయోగశాలలో పెంచిన అలాంటి కణాల్లో ఆ మూడోదాని మీద ఎక్సిస్ట్ జన్యువుని చేర్చారు. అది అక్కడా దుప్పటి కప్పి ఆ క్రోమోజోము నోరు మూయించింది! గాజుపాత్రలో కణాల దాకానే ఆ మాట. అక్కడి నుంచి పిల్లల దాకా రావాలంటే ఎంతో దూరముంది. కానీ పనీ పాటా లేనిదన్న పేరు మాత్రం ఆ రోజుతో పోయినట్టే.

ఇంతదాకా సరదాగానే విన్నాను. గోంగూర వలవడం అయిపోవచ్చింది. అప్పుడు ఆ పిల్ల, "చిన్నత్తయ్య జబ్బుకీ దీనికీ సంబంధం ఉండొచ్చంటున్నారు అత్తయ్యా" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. చిన్నత్తయ్యంటే మా చెల్లెలు.

మా చెల్లెలికి లూపస్ అన్న జబ్బు. ఇరవై ఏడో ఏట మొదలైంది. అప్పటికి దాని కూతురికి ఏడాది నిండలేదు. పొద్దున్నే లేస్తే వేళ్ళు ముడుచుకోవు. ఎండలోకెళితే రెండు బుగ్గల మీదా ముక్కు మీదా సీతాకోకచిలుక వాలినట్టు ఎర్రగా కందిపోయేది. దువ్వెన నిండా జుట్టు. ఎంత పడుకున్నా తీరని అలసట. చూడటానికి మనిషి బాగానే ఉండేది, అదే దాని పాలిట శాపమైంది. "పని తప్పించుకోవడానికి వేషాలు" అన్నారు అత్తింటివారు. ఒక డాక్టరు బలానికి మాత్రలు రాసిచ్చాడు. ఇంకొకాయన మా మరిదిగారిని పక్కకి పిలిచి, "మనసులో ఏదో దిగులు పెట్టుకున్నట్టుంది, పుట్టింటికి కొన్నాళ్ళు పంపించి చూడండి" అన్నాడు. మూడేళ్ళు గడిచాక, ఐదో డాక్టరు, ఒక లేడీ డాక్టరు, రక్తం పరీక్షలు చేయించి జబ్బు పేరు చెప్పింది. ఆవిడ పేరు చెప్పగానే మా చెల్లెలు భోరుమని ఏడ్చింది. భయంతో కాదు, తను అబద్ధమాడటం లేదని ఒక కాగితం సాక్ష్యం చెప్పినందుకు.

కంచె చేను మేసినట్టు, ఒంటికి కావలి కాయాల్సిన రక్షణశక్తే సొంత ఒంటిమీద తిరగబడటం ఈ జబ్బు లక్షణం. లూపస్ వచ్చినవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. "ఆడవాళ్ళకే ఎందుకొస్తుందక్కా?" అని మా చెల్లెలు ఎన్నిసార్లు అడిగిందో! హార్మోన్లని డాక్టర్లు చెప్పేవారు. అది కొంత నిజమే. కానీ అంతటితో లెక్క సరిపోవడం లేదు. కొందరు మగవాళ్ళు పుట్టుకతోనే రెండు ఎక్స్‌లు, ఒక వై తో పుడతారు. వాళ్ళవి మగ హార్మోన్లే. అయినా లూపస్ వచ్చే ముప్పు వాళ్ళకి దాదాపు మనంత ఉంటుందట. అంటే ఆ రెండో ఎక్స్ దగ్గరే ఏదో కిటుకు ఉండాలి.

2024 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్‌లో హోవర్డ్ చాంగ్ బృందం ఆ కిటుకులో ఒక ముడి విప్పింది. ఎక్సిస్ట్ తన పనికోసం బోలెడు ప్రొటీన్లని చుట్టూ చేర్చుకుంటుందని చెప్పాను కదా. కణం చనిపోయి పగిలినప్పుడు ఆ మూటంతా బయటపడుతుంది. కావలివాళ్ళు దాన్ని చూసి, ఎవరో పరాయివాళ్ళు చొరబడ్డారనుకుని ఆయుధాలు తీసే ప్రమాదముందట. లూపస్ లాంటి జబ్బులున్న రోగుల రక్తంలో ఈ మూటలోని ప్రొటీన్ల మీదికే తయారైన ఆయుధాలు దొరికాయి. ఇంకో పరీక్ష కూడా చేశారు. మగ ఎలుకలకి ఎక్సిస్ట్ ఉండదు. అలాంటివాటిలో, నోరు మూయించే శక్తి మాత్రం తీసేసిన ఎక్సిస్ట్‌ని ప్రవేశపెట్టారు. జబ్బు వచ్చే తత్త్వమున్న జాతి మగ ఎలుకల్లో అలా చేసి, జబ్బుని రేపే రసాయనం ఎక్కిస్తే, ఆడ ఎలుకలకి వచ్చినంత తీవ్రంగా వాటికీ వచ్చింది.

ఒక్క ఎక్సిస్ట్ ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. వస్తే లోకంలో ఆడదన్నది మిగలదు. వంశంలో ఉన్న తత్త్వం, బయటినుంచి ఏదో ఒక రెచ్చగొట్టడం, అన్నీ కలిసిరావాలి. ఇది మందు కూడా కాదు, మందుకి దారి చూపించగల ఒక గుర్తు మాత్రమే. అయినా విన్నకొద్దీ నా మనసు ఒక్కచోటే నిలబడిపోయింది. ఒంట్లో తూకం తప్పకుండా పుట్టకముందు నుంచి కాపలా కాస్తున్నదే, కొందరి ఒంట్లో ఈ నిప్పుకి ఒక పుల్ల అందిస్తోందన్నమాట. ఇల్లు దిద్దే పనికి మన ఒళ్ళు చెల్లించే ఖరీదు ఇంత లోపల, ఇంత చిన్న అక్షరాల్లో రాసి ఉంటుందని నాకేం తెలుసు? దాన్ని కథగా మార్చి కన్నీళ్ళు పెట్టించబుద్ధి కాలేదు. లెక్క రాసిపెట్టాలనిపించింది, అంతే. యాభై ఏళ్ళ కిందట చెత్త అన్న పేజీల్లోనే మా చెల్లెలి ప్రశ్నకి జవాబు ముక్క ఒకటి పడి ఉంది. ఎవరో ఓపిగ్గా ఆ పెట్టె దించి తెరిచారు గనక దొరికింది.

ఆ రాత్రే చెల్లెలికి ఫోన్ చేశాను. ఇప్పుడు దానికి ముప్పై ఎనిమిది. రోజూ మాత్రలు వేసుకుంటుంది, గొడుగు లేకుండా గుమ్మం దాటదు. స్కూల్లో పాఠాలు చెబుతోంది, కూతురిని ఏడో తరగతి చదివిస్తోంది. పిల్లి కథ దగ్గర నవ్వింది. ఎలుకల సంగతి దగ్గర మాటలు తగ్గాయి. అంతా విన్నాక చాలాసేపు అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"అయితే అక్కా," అంది చివరికి, "బాలింతరాలిగా ఉన్నప్పుడు చన్నీళ్ళలో చెయ్యిపెట్టినందువల్ల కాదన్నమాట."

"కాదే."

"కార్తీక సోమవారాలు ఉపవాసం మధ్యలో మానేసినందువల్ల కూడా కాదు."

"కానే కాదు. ఎవరన్నారే నీతో అలా?"

"ఎవరనలేదు?" అంది. పదకొండేళ్ళుగా ఆ జాబితా దాని మనసులో అలా పెరుగుతూ ఉందని అప్పుడు తెలిసింది నాకు. తోడబుట్టినదాన్ని, నాకూ చెప్పలేదు ఎప్పుడూ.

ఇంకాసేపాగి, మామూలు గొంతుతో అంది. "ఆ రాసిన కాగితమేదో నాకు పంపించక్కా. మా అత్తగారికి చదివి వినిపిస్తాను."

"అది ఇంగ్లీషులో ఉందే. నాకే ఆ పిల్ల పక్కన కూర్చుని చెబితే గాని తెలియలేదు."

"నువ్వు రచయిత్రివి కదా, తెలుగులో రాయి. మా అత్తగారు ప్రతివారం పత్రిక వదలకుండా చదువుతారు."

అందుకని రాశాను.